వద్దని నొక్కినా రాసుకున్న పెట్టె

నాలుగు గంటలకు అహేరి నుంచి పోలీసు జీపు వస్తుంది, సింధూజను ఎక్కించుకుని పోతుంది. ఈ సంగతి ఆ మంగళవారం పొద్దుటికే ఆంధ్ర సరిహద్దు నది ఒడ్డున ఉన్న సిరోంచ బజారంతా పాకిపోయింది. డిటెక్టివ్ ఆదయ్య ‘సంగమ కంప్యూటర్ కేంద్రం’ ముందు సైకిల్‌కు స్టాండు వేసేసరికి, పనీపాటా లేని మహానుభావులు ఓ పదిమంది జాతర చూడవచ్చినట్టు అక్కడ నిలబడి ఉన్నారు. ఆదయ్య వాళ్లకేసి చూడలేదు, చేతి గడియారం చూసుకున్నాడు. పన్నెండూ నలభై. అంటే తన చేతిలో ఉన్నది మూడు గంటల ఇరవై నిమిషాలు. అందులో కరెంటు ఉండేది గంటా ఇరవై నిమిషాలే. రెండు కొట్టగానే లోడ్ షెడ్డింగ్.

డిటెక్టివ్ అనగానే పొడుగు కోటూ, నల్ల కళ్లద్దాలూ ఊహించుకునేరు సుమా! ఆదయ్యకు ఉన్నవల్లా ఒక చేతిసంచీ, ఒక నోటుబుక్కూ, ఒక భూతద్దమూ. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులను తనిఖీ చేస్తూ తిరిగి రిటైరైన మనిషి. విప్పి మళ్లీ అంటించిన కవరును చూసి అది ఎవరి చేతిపనో చెప్పగలిగేవాడు. ఊళ్లోవాళ్లు ఆయనకు డిటెక్టివ్ అని మొదట వెటకారంగానే పేరు పెట్టారు. రెండు దొంగతనాలు తేల్చేసరికి ఆ వెటకారం దానంతటదే పోయింది.

కేసు ఇదీ. అడవి అంచున దున్నుకుంటున్న ఇరవై రెండు గోండు కుటుంబాలు తమ భూమికి పట్టా కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాయి. ఆ కాయితాలు స్కాన్ చేసి అహేరి కచేరీకి మెయిల్ పంపే పని ఈ కేంద్రంలో ఆపరేటర్ సింధూజది. మొత్తం పద్నాలుగు పేజీలు. అందులో తొమ్మిదో పేజీయే ప్రాణం. వాళ్ల తాతలు అడవిలో దున్నినందుకు ఏనాడో దండుగ కట్టిన రసీదు అది. దండుగ కట్టించుకున్నారంటే అప్పటికే దున్నుతున్నట్టే కదా! అసలు రసీదు పోయినేడు వరదలో తడిసి ముద్దయిపోయింది, మిగిలింది ఆ స్కానే. శనివారం మధ్యాహ్నం మెయిల్ వెళ్లింది. సోమవారం పొద్దున్నే అహేరిలో ప్రింటు తీసి చూస్తే తొమ్మిదో పేజీ దొంగది. తారీఖు గీకి పైన ఇంకోటి దిద్దినట్టు ఎవరికైనా తెలిసిపోయేంత మోటు పని. ఇక్కడి కంప్యూటర్లో కూడా అసలు స్కాన్ పోయి, దాని చోట ఆ దొంగదే ఉంది. దొంగ కాయితం పుట్టించిందని సింధూజ మీద ఫిర్యాదు.

ఆదయ్యను పిలిపించింది ఆ కుటుంబాల పెద్ద, భీము. లోపల బెంచీ మీద రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు దగ్గర కాపలా కానిస్టేబుల్ నిద్ర ఆపుకుంటున్నాడు.

“ఆ పిల్ల చెయ్యది,” అన్నాడు భీము, ఆదయ్య ఇంకా ఏమీ అడక్కముందే.

“చెయ్యదనే నాకూ అనిపిస్తది భీమన్నా. కని నాకు అనిపిస్తే పోలీసోళ్లకు సరిపోతదా? ముందు ఇది చెప్పు. మీ భూమి పోతే లాభం ఎవలకు?”

“మా చేన్ల పక్కన ఇటుకబట్టీ పెట్టిండ్రు. మీ మట్టి ఇయ్యిండ్రి అని అడిగిండ్రు. మేం ఇయ్యం అన్నం.”

“బట్టీ ఎవలది?”

“చామోర్షి దిక్కు మనిషి. పేరు ఎరుకలేదు.”

ఆదయ్య నోటుబుక్కులో ‘బట్టీ, చామోర్షి’ అని రాసుకున్నాడు. ఇంతలో కేంద్రం యజమాని నరేష్ టీ గ్లాసులతో వచ్చాడు. ముప్పై రెండేళ్లవాడు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, మాటకు ముందే నవ్వు.

“తాగు కాకా, నీకోసం చక్కెర తక్కువేయించిన.”

“టీ సంగతి సరే. శనివారం నువ్వు యాడున్నవ్ నరేషూ?”

“చామోర్షిల ఉన్న. పొద్దుగాల పదిన్నర బస్సుకు పోయిన. ఆడ వినయ్‌కుమార్ సార్ దగ్గర లినక్స్ క్లాసు నడుస్తది నాకు. మల్ల నిన్న పగటికి ఒచ్చిన. ఇగో టికెట్.”

ఆదయ్య భూతద్దం తీసి టికెట్ చూశాడు. సిరోంచ నుంచి చామోర్షికి, శనివారం తారీఖు. అన్నీ బరాబర్. ముప్పై ఏళ్లు ముద్రలూ తారీఖులూ చూసి బతికిన మనిషి కదా, తారీఖు పడ్డ కాయితం చేతికి వస్తే ఆయనకు కడుపులో పాలు పోసినట్టుంటుంది. టికెట్ మడిచి తిరిగి ఇచ్చేశాడు.

“తాళంచెవులు ఎన్ని?”

“రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి సింధూజ దగ్గర. కంప్యూటర్ పాస్‌వర్డు గూడ మా ఇద్దరికే ఎరుక.” నరేష్ గొంతు తగ్గించాడు. “మంచి పిల్లే కాకా. ఎవలన్న పైసలాశ చూపి చేయించిండ్రో ఏమో, నాకైతే మనసొప్పుతలేదు.”

మనసు ఒప్పడం లేదన్నవాడు నింద మాత్రం నీటుగా వేసిపోయాడు. ఆదయ్యకు అది నచ్చలేదు. కానీ నచ్చకపోవడం వేరు, అనుమానించడం వేరు. బస్సు టికెట్ ఉందాయె.

సింధూజ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్లు. కూలికి పోయే ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెది, ఆ ఇంటికి మొదటి నెలజీతం కూడా ఆమెదే. కళ్లు వాచి ఉన్నాయి గానీ గొంతు వణకలేదు. ఆదయ్యకు ఆ పిల్లను చూస్తే ఒక్కసారిగా జాలేసింది. జాలి మొహంలో కనబడితే ఏడుస్తుందని గొంతు కరుకుగా పెట్టాడు.

“శనివారం తినను ఎన్నింటికి పోయినవ్?”

“ఒంటిగంటకు పెద్దబాపూ. తాళమేసిన, ఇంటికి పోయిన.”

“తిరిగి ఎన్నింటికి ఒచ్చినవ్?”

“రెండు దాటి పదినిమిషాలు. అప్పటికే కరెంటు పోయింది. ఆరింటి దాంక రాలే. చీకట్ల కూసుండి కూసుండి ఇంటికి పోయిన. భీమన్నోళ్ల మెయిల్ సోమవారం పంపుదామనుకున్న. ఇగ సోమవారం తాళం తియ్యకముందే పోలీసాయన ఒచ్చి సీల్ ఏసిండు.”

“అంటే ఒంటిగంట తర్వాత నువ్వు ఈ మిషన్ ముట్టనే లేదు?”

“లేదు. ఒట్టు.”

“ఒట్లు వద్దు బిడ్డా, మెయిల్ ఎట్ల పంపుతవో చేసి చూపియ్యి.”

కానిస్టేబుల్ లేచి వచ్చి వెనుక నిలబడ్డాడు. సింధూజ మెయిల్ ప్రోగ్రాం తెరిచింది, కొత్త ఉత్తరం తెరిచింది, కాయితం జతచేసే గుర్తు మీద నొక్కింది. ఫైల్ ఎంచుకోమని ఒక పెట్టె తెర మధ్యలోకి వచ్చింది. ఆమె చేయి మౌస్ మీద అలాగే ఆగిపోయింది.

“ఏందైంది?”

“ఇది నా డైలాగ్ కాదు పెద్దబాపూ.”

“డైలాగా? నాటకం ఏసుడు నడుస్తుందా ఈడ?”

ఆమెకు నవ్వొచ్చింది, ఆ పరిస్థితిలో కూడా. “గీ పెట్టెను డైలాగ్ బాక్స్ అంటరు. ఫైల్ తెరువాలన్నా, దాచాలన్నా గిదే ఒస్తది. లినక్స్‌ల మెయిలైనా, బొమ్మల ప్రోగ్రామైనా చానా వాటికి ఇదొక్కటే పెట్టె. దీన్ని నేను నా తీరుగ మార్చుకున్న. పోయినేడు ఒక పొరపాటు చేసిన. రెండూళ్లల్ల ఒకే పేరున్న ఇద్దరు ముసలోళ్లు ఉన్నరు. ఒకాయన కాయితం ఇంకొకాయన దరఖాస్తుకు పెట్టిన. ఆయన పాపం మూడుసార్లు అహేరికి తిరిగిండు. అప్పటిసంది పేర్ల వరుసల, ఊరి ఫోల్డర్ల ప్రకారం కనిపించేటట్టు పెట్టుకున్న. మనకు అక్కర్లేని దాగిన ఫైళ్లు కనిపియ్యకుంట చేసిన. దరఖాస్తు పెట్టుకున్నోళ్లు నా పక్కన కూసుండి చూస్తరు గద, వాళ్లకు గూడ అర్థం కావాలె.”

“మరి ఇప్పుడెట్లున్నది?”

సింధూజ వేలితో ఒక్కొక్కటీ చూపించింది. పేర్ల వరుస లేదు, కొత్త ఫైళ్లు పైనా పాతవి కిందా ఉన్నాయి. చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లన్నీ బయటపడి పళ్లికిలిస్తున్నాయి. పేరు టైపు చేసే గడి పైన తెరుచుకుని ఉంది. ప్రతి ఫైల్ పక్కనా దాని సైజు కనబడుతోంది.

“ఎవలో కూసున్నరు పెద్దబాపూ, నా కుర్చీల.”

ఆదయ్య వీపు నిటారైంది. పోస్టాఫీసులో సార్టింగ్ అరల ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ ఒక పద్ధతి ఉంటుంది. ఒకడు ఉత్తరాలను ఊళ్ల పేర్లతో పేరుస్తాడు, ఒకడు కవరు సైజుతో పేరుస్తాడు. సెలవు మీద వెళ్లినవాడి అరలు చూసి వాడి స్థానంలో ఎవరు పనిచేశారో ఆదయ్య ఎన్నిసార్లు చెప్పలేదు! కంప్యూటర్ గురించి ఆయనకు ఏమీ తెలియకపోవచ్చు, దీని గురించి మాత్రం బాగా తెలుసు.

“సరే, దాన్ని మూసెయ్యి.”

“మూస్తే ఆగమైతది!” సింధూజ గబుక్కున అంది. “ఈ పెట్టె ఎట్ల కనిపియ్యాలెనో ఒక చిన్న ఫైల్‌ల రాసుంటది. పెట్టె మూసినప్పుడల్ల ఆ ఫైల్ మల్ల కొత్తగ రాసుకుంటది. క్యాన్సిల్ అని నొక్కినా రాసుకుంటది. ఇప్పుడు మూస్తే పాత టైమ్ పోయి ఇయ్యాల్టి టైమ్ పడ్తది.”

“వద్దని నొక్కినా రాసుకుంటదా?” ఆదయ్యకు ఆ మాట తెగ నచ్చింది. “అబ్బ, ఎంత మొండిది! అయితే అట్లనే ఉండనియ్యి. టైమ్ చూపియ్యి.”

పెట్టెను తెరిచే ఉంచి, సింధూజ పక్కన నల్లతెర ఒకటి తెరిచి టైపు చేసింది. సెట్టింగు ఫైళ్ల వరుస దిగింది. ఆదయ్య భూతద్దం తెరకు ఆనించాడు. వరుసలో పది పన్నెండు ఫైళ్లు. అన్నిటికీ శనివారం ఒంటిగంట ఇరవై అయిదు నిమిషాలు. డైలాగ్ బాక్స్ ఫైల్‌కు ఒక్కదానికే ఒంటిగంట ఇరవై ఆరు.

“అన్నీ ఒకేసారి ఎందుకు మారినయ్? ఇదొక్కటే నిమిషం ఆలస్యంగ ఎందుకు మారింది?”

“ఎరుకలేదు పెద్దబాపూ. నేనెన్నడు గట్ల అన్నీ ఒక్కసారి మార్చలే.”

ఆదయ్య పెట్టెలోని ఆ నాలుగు మార్పులనూ, ఈ అంకెలనూ నోటుబుక్కులోకి ఎక్కించి, కింద కానిస్టేబుల్ చేత సంతకం పెట్టించాడు, భీము చేత వేలిముద్ర వేయించాడు. అంకె చూసిన చోటే సాక్షి సంతకం తీసుకోవడం ఆయనకు ఉద్యోగం నేర్పిన పాఠం. తరువాత సింధూజ వైపు వంగి అడిగాడు.

“అసలు స్కాన్ ఇంకెక్కడన్న ఉన్నదా బిడ్డా?”

“ఉన్నది. కరెంటుకు భయపడి ప్రతి శుక్రవారం అన్నీ ఒక సీడీ మీదికి ఎక్కిస్త. అంకిస ఊరిల మా ముత్తక్క చిన్నమ్మ ఇంట్ల పెట్టెల పెడ్త. ఎవలకు చెప్పలే. పోలీసోళ్లకు చెప్తే తీస్కపోయి ఇరగ్గొడ్తరేమో అని భయమైంది.”

ఆదయ్య ఛాతీ మీంచి బండ దింపినట్టయింది. శుక్రవారం నాటి సీడీలో అసలు రసీదు ఉంటే, శనివారం దాన్ని మార్చవలసిన అవసరం సింధూజకు లేదని నాలుగేళ్ల పిల్లవాడికైనా తెలుస్తుంది.

“నా బండి ఉన్నది గద కాకా!” వెనుక నుంచి నరేష్ గొంతు. ఖాళీ గ్లాసులు తీసుకుపోవడానికి ఎప్పుడు వచ్చాడో ఏమో. “అర్ధగంటల అంకిస. పోయి తీస్కొస్తం. పోలీసోళ్లు పిలిచిన వినయ్ సార్ ఒచ్చేసరికి తయారుండాలె, జల్ది లేవు సింధూజా!”

కానిస్టేబుల్ అడ్డం నిలిచాడు. ముద్దాయి ఊరు దాటడానికి వీల్లేదన్నాడు.

“అరెస్టు ఇంకా కాలేదు గదా,” అన్నాడు ఆదయ్య. “మూడున్నరకల్ల ఈ కుర్చీల కూసుంటది. నా జిమ్మేదారి. కావాలంటే రాసిస్త.”

రాసిచ్చాడు కూడా. ఒంటిగంట ఇరవై ఎనిమిదికి నరేష్ బైకు అంకిస రోడ్డు పట్టింది.

సరిగ్గా పది నిమిషాలకు వినయ్‌కుమార్ వచ్చాడు. చామోర్షిలో కంప్యూటర్ క్లాసులు నడుపుతాడు. లినక్స్ తెలిసినవాడు దగ్గర్లో ఇంకెవరూ లేరని పోలీసులే నిపుణుడిగా పిలిపించారు. నిన్న సాయంత్రం వచ్చి, కానిస్టేబుల్ ఎదుట సీల్ విప్పించి రికార్డులు రాసుకుని, రాత్రికి రెస్ట్‌హౌస్‌లో దిగాడు. భుజాన లాప్‌టాప్ సంచీ, మొహాన విసుగు.

“అహో, పోస్ట్‌మాస్టర్! మీరెందుకు వచ్చిండ్రు ఇక్కడికి? ఉత్తరం ఏమన్నా తప్పిపోయిందా?”

“ఉత్తరమే తప్పిపోయింది సార్. తొమ్మిదో పేజీ.”

“అది తప్పిపోలేదు, దొంగిలించిండ్రు. లెక్క సాఫ్.” వినయ్‌కుమార్ ఒక కాయితం బల్ల మీద పడేశాడు. “ఒంటిగంట అయిదుకు లాగిన్. ఒంటిగంట ఇరవై నాలుగుకు మెయిల్. తాళం పగల్లేదు. పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు, అందుల ఒకాయన ఊళ్ల లేడని పోలీసోళ్లే రాసుకున్నరు. ఇంక మీకు పరేషాన్ ఏంది?”

“ఒంటిగంట ఇరవై ఆరు సంగతేంది మరి?”

“అదేం టైమ్?”

ఆదయ్య తెర చూపించాడు. వినయ్‌కుమార్ ఒక్క చూపు చూసి పెద్దగా నవ్వాడు. “డైలాగ్ బాక్సా! ఎవరన్నా మౌస్‌తో రెండుసార్లు నొక్కితే మారుతది ఇది. దీన్ని సాక్ష్యమంటే అక్కడ నవ్వుతరు. మీకు కంప్యూటర్ తెల్వది, తెల్వనప్పుడు ఊకోవాలె.”

“నాకు తెల్వది నిజమే. అందుకే అడుగుతున్న. ఒక్కటి మారిస్తే పొరపాటు. నాలుగు మారిస్తే అది మనిషి అలవాటు గాదా?”

“అలవాటుకు పేరుండదు ఆదయ్య గారూ.”

“దస్తూరికి గూడ పేరుండదు. అయినా ఎవలదో గుర్తువడ్తం.”

సరిగ్గా రెండింటికి ఫ్యాను ఆగింది. కంప్యూటర్ కింద ఉన్న బ్యాటరీ డబ్బా కాసేపు కీచుకీచుమని అరిచి ఊరుకుంది, తెర నల్లబడింది. వినయ్‌కుమార్ చేతులు దులుపుకున్నాడు.

“అయిపోయింది. ఇంక నేను రిపోర్టు రాసిచ్చి బస్సు పట్టుకుంట.”

“రాయిండ్రి. ఆ రిపోర్టు నకలు నాకోటి పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్యిండ్రి, మీ పుణ్యముంటది.”

వినయ్‌కుమార్ గొణుక్కుంటూ లాప్‌టాప్ తెరిచాడు. పావుగంట టకటకలాడించాడు. కేంద్రం బల్ల సొరుగులోంచి ఆదయ్య తీసిచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి, దాచమని ఆజ్ఞ ఇచ్చాడు. తెర మధ్యలోకి పెట్టె వచ్చింది.

ఆదయ్య కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. కొత్తవి పైన, పాతవి కింద. చుక్కల ఫోల్డర్లన్నీ బయట. పేరు టైపు చేసే గడి తెరిచి ఉంది. పక్కన సైజుల వరుస. ఆదయ్య నోటుబుక్కు తిప్పి, సింధూజ చెప్పగా తను రాసుకున్న నాలుగు ముక్కలను లాప్‌టాప్ పక్కన పెట్టాడు.

వినయ్‌కుమార్ చదివాడు. తెర చూశాడు. మళ్లీ చదివాడు.

“శనివారం ఒంటిగంటకు మీరు యాడున్నరు సార్?” ఆదయ్య గొంతులో కోపం లేదు.

“క్లాసుల ఉన్న! ముప్పై మంది పిల్లలు, హాజరీ పట్టీల సంతకాలున్నయి. కావాలంటే ఫోన్ చేయిండ్రి!” అరిచాడు గానీ, ఆ అరుపులోనే ఆగిపోయాడు. తెర మీద పెట్టెను వేలితో తాకాడు. నిపుణుడన్నవాడు అబద్ధమైనా ఆడతాడేమో గానీ, కళ్లెదుట ఉన్న లెక్కను కాదనలేడు. “ఇవి నావే. నా సెట్టింగులే.”

“అక్కడికెట్ల ఒచ్చినయ్?”

“నేను ఒక్క ఊరిల కూసోని పనిచేసెటోణ్ణి కాదు. రోజుకో మిషన్. ప్రతిచోట ఎవరిదో కుర్చీ, ఎవరిదో పద్ధతి. అందుకే పెన్‌డ్రైవ్‌ల ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్న. దాన్ని నడిపితే ఆ మిషన్ సెట్టింగులను పక్కకు దాచి, నావి పెడ్తది. పని అయినంక మల్ల నడిపితే వాళ్లవి వాళ్లకు తిరిగి పెడ్తది. పోయేటప్పుడు నేను కూసున్న గుర్తు గూడ మిగలది.”

“పన్నెండు ఫైళ్లు ఒకేసారి, ఇరవై అయిదుకు,” అన్నాడు ఆదయ్య నెమ్మదిగా.

“బరోబర్! అది తిరిగి పెట్టిన టైమ్.” వినయ్‌కుమార్ తనమీద పడ్డ అనుమానం కూడా మరిచిపోయి లేచి నిలబడ్డాడు. “కాని ముందుగాల అన్ని కిటికీలు మూసెయ్యాలె. తర్వాతనే తిరిగి పెట్టాలె. ఎవడో ఒక డైలాగ్ తెరిచి మరిచిపోయిండు. బొమ్మల ప్రోగ్రాంల దొంగ పేజీని దాచినప్పటిది కావచ్చు. సెట్టింగులన్నీ తిరిగి పెట్టినంక ఆ పెట్టె కనబడ్డది, క్యాన్సిల్ నొక్కిండు. క్యాన్సిల్ నొక్కినా అది తన రూపం రాసుకుంటది. ఒక్క నిమిషం ఆలస్యంగ నా రూపం రాసుకున్నది. తొందరపడ్డడు, మూర్ఖుడు! క్లాసుల పదిసార్లు చెప్పిన, ముందు మూయాలె అని!”

“ఎవలకు చెప్పిండ్రు?”

వినయ్‌కుమార్ చేయి తన జేబులోని పెన్‌డ్రైవ్ మీదికి పోయింది.

“ఆ ప్రోగ్రాం ఎంతమందికిచ్చిండ్రు సార్?”

“ఒక్కడికే. బతిమాలుకున్నడని ఇచ్చిన. నరేష్‌కు.”

భీము బెంచీ మీంచి లేచాడు.

“నరేష్ శనివారం మీ క్లాసుల ఉన్నడు గదా?” ఆదయ్య అడిగాడు. “టికెట్ చూపించిండు.”

“నా క్లాసులనా? శనివారం రానేలేదు. ఆదివారం పొద్దుగాల పదింటికి వచ్చిండు, వాళ్ల బావ జీపుల. ఆ బావదే గదా, ఈ దిక్కు ఇటుకబట్టీ ఉన్నది.”

టికెట్ కొన్నవాడు బస్సులో చివరిదాకా కూర్చోవాలని ఎక్కడుంది? రెండో స్టేజీలో దిగి తిరిగి వచ్చినా ఆ కాయితం మీద తారీఖు అదే ఉంటుంది. ముప్పై ఏళ్ల తనిఖీలలో ఇంత చిన్న సంగతి ఎన్నిసార్లు పట్టుకోలేదు! ఇవాళ తారీఖు చూసి మురిసిపోయాడు. ఆ పిల్లను తన చేతులతోనే వాడి బండెక్కించాడు. ఆదయ్యకు తనమీద తనకే అసహ్యం పుట్టింది.

“ఫోన్ ఇయ్యిండ్రి. మీది, జల్ది!”

నోటుబుక్కులోంచి ముత్తక్క ఇంటి నంబరు వెతికి నొక్కాడు. పోస్టాఫీసు రోజుల నుంచీ ఆ ఇంటివాళ్లు ఆయనకు తెలుసు. రెండు ఇరవై అయిదు. నాలుగు సార్లు మోగాక అవతల ఫోన్ ఎత్తారు.

“ముత్తక్కా, నేను ఆదయ్యను. సింధూజ చేరిందా?”

“చేరిందన్నా. రెండింటికే ఒచ్చిండ్రు. పాపం, నీళ్లు గూడ తాగలే.”

“సీడీ?”

“నరేష్ తీస్కపోయిండు. నీకే ఇస్తనన్నడు. ఇంకా అందలేదా?”

ఆదయ్య కళ్లు మూసుకున్నాడు. “పోతే పోనీ. పిల్లను బయటికి పంపకు. నేనే ఒస్తున్న. ఫోన్ జర దానికియ్యి.”

పక్కనే నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలో ఆదయ్య రాసిచ్చిన కాయితం ఉంది. ముత్తక్క గొంతు అయోమయంగా వచ్చింది.

“అదేందన్నా గట్లంటవ్? పోలీసోళ్లు కొడ్తరు, నది దాటి ఆంధ్రకు పొమ్మని నువ్వే చెప్పి పంపినవట గద? నరేషే రేవు దాంక తోలుకపోయి పడవెక్కిచ్చిండు. నీ మాట మీదనే పోయిందన్నా పిల్ల, పావుగంటయితది.”